చెవిమేస్త్రి రెండు గొట్టాలు

పాత మోటారుసైకిళ్ళ క్లబ్బు వాళ్ళు ఏడాదికోసారి ఒక పుస్తకం అచ్చు వేసుకుంటారు. అందులో సగం వాళ్ళ ఫొటోలు, మిగతా సగం ఆ ఫొటోల కింద వాళ్ళ బిరుదులు. ఈసారి దయతలచి మా బావ గురించి కూడా ఒక పేజీ వేశారు. పైన పెద్దక్షరాలతో 'దైవమిచ్చిన చెవి' అని. కింద బావ బొమ్మ. మెడలో స్టెతస్కోపు, కళ్ళు రెండూ మూసుకుని, తపస్సులో ఉన్నవాడిలా. ఆ పేజీ మొత్తంలో నిజం ఏదైనా ఉందంటే అది బావ మీసం.

అందుకే నేను రాస్తున్నాను. నేను రాతగాణ్ణి కాను. లేత్ మిషను మీద ఇనుమూ ఇత్తడీ చెక్కుకుని బతికే టర్నర్ని. మా అక్కని చేసుకున్నాడు కాబట్టి ఆయన నాకు బావ. ముప్ఫై ఏళ్ళుగా ఒకే షెడ్డులో పక్కపక్కన పని చేస్తున్నాం కాబట్టి ఆయన సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అలా అనుకునేవాణ్ణి లెండి. రాస్తానని ఆయనకి ముందే చెప్పాను. "రాయి. కానీ మొత్తం రాయి. సగం రాసి నన్ను మంచోణ్ణి చెయ్యకు" అన్నాడు. ఆ భయమేమీ అక్కర్లేదని చెప్పాను.

మా షెడ్డు సంగతి ముందు చెప్పాలి. వీధిలోకి ఇనుప షట్టరు, పైన రేకులు, లోపల పొడుగ్గా ఒకే గది. వెనక గోడకి ఆనించి బావ బల్ల, దాని ముందు ఎత్తు స్టూలు. స్టూలు మీద కూర్చుంటే ఆయనకి ఎడమ పక్క కిటికీ, కిటికీ కింద బండ్లు నిలబెట్టే ఖాళీ జాగా. కుడి పక్క, చెయ్యి చాపితే అందేంత దూరంలో, నా లేత్ మిషను, దాన్ని ఆనుకుని సాన మిషను. మొదట్లో మా ఇద్దరికీ మధ్య ఒక ఇటుక గోడ ఉండేది. పొడుగాటి కడ్డీలు మిషనులో పట్టడం లేదని దాన్ని నేనే కొట్టించాను. "పోనీలే, వెలుతురొస్తుంది" అన్నాడు బావ ఆ రోజు.

మిషన్ల చప్పుడు పడక నేను చెవుల్లో దూది కుక్కుకునేవాణ్ణి. ఆ దూది చూస్తే చాలు, బావకి ఒళ్ళు మండిపోయేది. "చెవుల్లో దూది పెట్టుకునేవాడు పనివాడేంట్రా? ఇంజను పిలిస్తే ఎలా వినపడుతుంది నీకు?" అనేవాడు. "నన్ను ఇంజన్లు పిలవవు బావా, నువ్వు పిలుస్తావు. అందుకే దూది" అనేవాణ్ణి. మా అక్క క్యారియరు తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టి, "పెద్దమనుషులిద్దరూ తిని తిట్టుకోండి" అనేది. ఇలా ముప్ఫై ఏళ్ళు గడిచాయి.

కార్బొరేటరంటే తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. ఇంజను గాలి పీల్చుకునే గొంతు అది. గాలి ఆ గొంతులోంచి పోతూ పోతూ కింద గిన్నెలో ఉన్న పెట్రోలుని కాస్త లాక్కుపోతుంది. ఆ పెట్రోలు వచ్చే సన్నటి కన్నం ఉన్న ఇత్తడి ముక్కని జెట్టు అంటారు. గొంతు పెద్దదైతే గాలి ఎక్కువ, జెట్టు పెద్దదైతే పెట్రోలు ఎక్కువ. రెండూ కుదిరితే వేగం, కుదరకపోతే పొగ. రెండు సిలిండర్లూ రెండు కార్బొరేటర్లూ ఉన్న బండైతే ఇంకో తలనొప్పి. రెండూ సమానంగా పీల్చాలి. ఒకటి ఎక్కువ పీల్చిందా, ఆ పక్క సిలిండరు బరువంతా తనే మోసి వేడెక్కి చస్తుంది.

ఆ సమానం చూసేందుకు ఇప్పుడు గేజులు వచ్చాయి. గేజులంటే బావ పెదవి విరుస్తాడు. ఆయనది మూరెడు రబ్బరు గొట్టం. ఒక కొస కార్బొరేటరు మూతి దగ్గర, ఇంకో కొస ఎడమ చెవిలో. ఎడమదాని బుస వింటాడు, కుడిదాని బుస వింటాడు, స్క్రూ పావు చుట్టు తిప్పి మళ్ళీ వింటాడు. పది నిమిషాల్లో రెండూ ఒకే ఊపిరి తీసేవి. ఒకసారి ఇంట్లో అన్నం తింటున్నవాడు, వీధిలో పోయే బండి విని, "వాడి కార్బొరేటరులో సూది ఒక గాడి కిందికి జారింది" అని ఎంగిలి చేత్తోనే బయటికి పరిగెత్తాడు. వెళ్ళి చూస్తే జారే ఉంది. "నేను పిలిస్తే పలకడు గానీ దారిన పోయే బండి మాత్రం వినపడుతుంది" అని మా అక్క ఆ కంచం తీసి లోపల పెట్టేసింది. అప్పట్నుంచీ అందరూ ఆయన్ని చెవిమేస్త్రి అనడం మొదలుపెట్టారు.

ఆ చెవి గొప్పదే, కాదనను. కానీ ఆ గొప్ప ఆయన నెత్తికెక్కి కూర్చుంది. చదువు లేదు, మాట మంచిదీ కాదు, ఇంజను తప్ప ఇంకో పని చేతకాదు. ఉన్నదల్లా ఆ వినికిడి. అది పోయిన రోజున చెవిమేస్త్రి మర్నాటి నుంచి పంక్చర్లు వేసుకోవాలి. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇక డాక్టరు గారి దగ్గరికి వద్దాం. ఆయన నిజంగానే చెవుల డాక్టరు. ఊళ్ళో సగంమంది చెవుల్లో దీపం పెట్టి చూసినవాడు. క్లబ్బుకి ప్రెసిడెంటూ ఆయనే. మండే ఎండలో తోలు కోటు, చేతులకి తోలు తొడుగులు, కళ్ళకి విమానం నడిపేవాళ్ళ అద్దాలు. బండి స్టార్టు చెయ్యమంటే ఏడు తన్నులు తన్ని, ఎనిమిదో తన్నుకి పిక్క పట్టేసి అరుగు మీద కూలబడతాడు. క్లబ్బులో మిగతావాళ్ళు ఆయనకంటే ఏమీ ఎక్కువ కాదు. ప్లగ్గు విప్పడం రాదు గానీ 'ఒరిజినల్' అన్న మాట మాత్రం రోజుకి వందసార్లు అంటారు. నట్టు ఒరిజినల్, బోల్టు ఒరిజినల్, తుప్పు కూడా ఒరిజినల్. బండి యజమానులు తప్ప అన్నీ ఒరిజినలే.

రెండేళ్ళ కిందట ఈయన బావ గొట్టాన్ని చూసి తెగ ముచ్చటపడిపోయాడు. "ఒక్క గొట్టమేంటి మేస్త్రీ, దేవుడు రెండు చెవులిచ్చాడుగా!" అని తన పాత స్టెతస్కోపు ఒకటి తెచ్చి బావ మెడలో దండలా వేశాడు. బావ దాని అతుకు కోసి, ఏ చెవి గొట్టం ఆ చెవికే విడిగా అమర్చాడు. ఎడమ కార్బొరేటరు ఎడమ చెవికి, కుడిది కుడి చెవికి. రెండూ ఒకేసారి వినొచ్చు, పని సగం సమయంలో అయిపోతుంది. పైగా చూడ్డానికి దర్జాగా ఉంటుంది. పాత గొట్టం సొరుగులోకి పోయింది.

అప్పట్నుంచి నాకో కొత్త ఉద్యోగం దొరికింది. బావ చేతులు స్క్రూల మీద ఉంటాయి కాబట్టి ఆ రెండు గొట్టాల కొసలూ కార్బొరేటర్ల మూతుల దగ్గర నేను పట్టుకోవాలి. బావ కళ్ళు మూసుకుంటాడు. వినడానికి కళ్ళు మూయడమెందుకో నాకు తెలియదు. జనం ఉన్నప్పుడే మూస్తాడు, ఎవరూ లేకపోతే శుభ్రంగా తెరిచే వింటాడు. క్లబ్బు వాళ్ళు చుట్టూ నిలబడి ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. నేనేమో ఆ మధ్యలో వంగి, నడుం పట్టేసి, మనసులో ఇద్దర్నీ తిట్టుకునేవాణ్ణి.

ఇంకొకటి కూడా అప్పుడే మొదలైంది. "ఒరే, ఈ బండికి కుడి సిలిండరు వేడెక్కుతోంది. ఆ పక్క జెట్టు కొంచెం పెంచరా" అనేవాడు. నేను సన్నటి రీమరు పెట్టి కన్నం వెంట్రుకవాసి పెద్దది చేసి ఇచ్చేవాణ్ణి. చేసిన కొలత గోడ మీద సుద్దముక్కతో రాసుకోవడం నా అలవాటు. రాశాను, మర్చిపోయాను. మళ్ళీ ఇంకో బండి వచ్చింది, మళ్ళీ రాశాను.

ఈ మధ్య డాక్టరు తన ముద్దుల బండిని తెచ్చాడు. దాని వయసూ ఆయన వయసూ ఒకటే. జంట సిలిండర్లు, జంట కార్బొరేటర్లు, రెండింటి ఒంటి మీదా ఇంజనుతో కలిసే నంబర్లు కొట్టి ఉన్నాయి. ఆ జత మళ్ళీ ఎక్కడ వెతికినా దొరకదు. ఊరి బయట వాడకుండా వదిలేసిన రన్‌వే మీద ఆదివారం క్లబ్బుల మధ్య పరుగు. డాక్టరు గారి కోరిక ఏంటంటే, కార్బొరేటర్లు అవే ఉండాలి, బయటికి గీత కూడా కనపడకూడదు, బండి మాత్రం కుర్రబండ్లని దాటి పోవాలి.

"డాక్టరు గారూ, ఇది ముసలాయనకి పళ్ళు కట్టించి పరుగుపందెంలో నిలబెట్టినట్టుంది" అన్నాను నేను.

"మేస్త్రి చెవి ఉండగా భయమేంటయ్యా!" అన్నాడు ఆయన, నావైపు చూడకుండానే.

బావ ఒప్పుకున్నాడు. ఒప్పుకోక చస్తాడా, ముందు పొగిడారుగా. ఇరవై ఆరు మిల్లీమీటర్ల గొంతుని ఇరవై ఎనిమిది చెయ్యాలి. చెక్కే పని నాది. మిషనులో బిగించడానికే పూట పట్టింది. ఒక్కో కోతకి జుట్టుపోగంత తీసి, కొలిచి, మళ్ళీ తీశాను. ఎందుకంటే ఆ గొంతు గోడలోనే ఇంకో సన్నటి గాలిదారి ఉంటుంది. ఇరవై ఎనిమిది దాటితే ఆ దారిలోకి కన్నం పడుతుంది, కార్బొరేటరు చెత్తకుప్పలోకి పోతుంది. లోహాన్ని తియ్యడమే గానీ మళ్ళీ అతికించడం ఏ లేత్‌కీ రాదు. నేను చెక్కాక బావ లోపలంతా సన్నటి గరుకు కాగితంతో అద్దంలా నునుపు చేశాడు, గాలిని ఆపే స్లైడు అంచు కోశాడు, పెట్రోలుని అదుపుచేసే సూదుల్ని కొంచెం కొంచెం సన్నం చేశాడు. మూడు రోజులు తిట్టుకోకుండా పని చేశాం. బావ చేతిలో పని ఉంది, దాన్ని నేను ఏ రోజూ కాదనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం బిగించి స్టార్టు చేశాం. నేను గొట్టాలు పట్టుకున్నాను. బావ విన్నాడు, తిప్పాడు, విన్నాడు, ఇంకా తిప్పాడు. మొహం చిట్లించాడు. వీధిలో ఒక చుట్టు నడిపి తెచ్చాడు. దిగేసరికి కుడి పక్క పొగ పైపు మెడ దగ్గర వేడికి నీలం తిరిగి ఉంది.

"కుడిది గాలి పీల్చట్లేదురా. విప్పి ఇంకో అర మిల్లీ చెక్కు" అన్నాడు.

"బావా, కన్నం పడుతుంది."

"పడదు."

"పడుతుందంటే వినవేంటి? ఈ జత మళ్ళీ పుట్టదు!"

"నా చెవి చెప్తోందిరా. నీ మైక్రోమీటరుకేం తెలుసు?" అని ఒంటికాలి మీద లేచాడు. "రేపు పొద్దున క్లబ్బు వాళ్ళంతా వస్తారు. వాళ్ళ ముందు విని చూపిస్తాను, ఆ తర్వాతైనా చెక్కి తీరాలి నువ్వు" అని చొక్కా వేసుకుని ఇంటికి పోయాడు.

నేను రెండు గొంతుల్నీ మళ్ళీ కొలిచాను. ముమ్మాటికీ సమానం. సమానంగా ఉన్న రెంటిలో ఒకటి పీల్చదట! కోపంతో చీపురు తీసుకుని ఇత్తడి రజను ఊడుస్తుంటే గోడ మీద నా సుద్దరాతలు కనపడ్డాయి. రెండేళ్ళలో ఏడు బండ్లు. కుడి, కుడి, కుడి. కిందిదాకా చదివాను. ఒక్కటంటే ఒక్కటి ఎడమది లేదు. ఏడు బండ్లు, ఏడు రకాల ఇంజన్లు, ఏడుగురు యజమానులు, అన్నింటికీ కుడి పక్కే జబ్బు చేసిందంటే ఆ జబ్బు బండ్లది కాదు. స్టెతస్కోపు రాకముందు ఇలాంటిది ఒక్కటీ లేదు. ఎడమ చెవి ఒక్కదానితో విన్నన్నాళ్ళూ అంతా బాగానే ఉంది. బావకి కుడి చెవి సరిగ్గా వినపడటం లేదు. అటు బుస చిన్నగా వినపడేసరికి, రెండూ సమానం అయ్యేదాకా కుడిదాన్ని తెరుచుకుంటూ పోయాడు.

ఇక్కడ అబద్ధం చెప్పను. నాకు ముందు జాలి కలగలేదు, సంతోషం కలిగింది. ముప్ఫై ఏళ్ళు 'నీకేం తెలుసు' అన్న మనిషి నాకు ఇన్నాళ్ళకి దొరికాడు. ఆ ఏడుగురు పెద్దమనుషుల్ని తలుచుకుంటే ఇంకా నవ్వొచ్చింది. బండి ఒక పక్క కాలిపోతుంటే, "మేస్త్రి చెయ్యి పడ్డాక ఏం లాగుతోందండీ!" అని కాలర్లు ఎగరేసుకు తిరిగారు. వాళ్ళందరి ముందే బావ గాలి తీసేయాలని ఆ సాయంత్రమే అనుకున్నాను.

శనివారం పొద్దున డాక్టరూ, ఇంకో నలుగురు తోలుకోట్ల వాళ్ళూ వచ్చి నిలబడ్డారు. బండి స్టార్టయింది. బావ స్టెతస్కోపు తగిలించుకుని కళ్ళు మూశాడు. నేను గొట్టాలు పట్టుకున్నాను.

"వింటున్నారా డాక్టరు గారూ, కుడిది మూలుగుతోంది" అన్నాడు బావ.

"మీకు వినపడితే మాకు వినపడినట్టే" అన్నాడు డాక్టరు.

అప్పుడు నేను రెండు చేతులూ అడ్డంగా మార్చాను. ఎడమ చెవి గొట్టం కుడి కార్బొరేటరుకి, కుడి చెవి గొట్టం ఎడమదానికి. అంతే, ఇంకేమీ ముట్టుకోలేదు.

బావ కనుబొమలు ముడిపడ్డాయి. "ఇదేంటి... ఇప్పుడు కుడిది మొత్తం చచ్చిపోయింది. ఎడమది గట్టిగా కొడుతోంది" అన్నాడు. స్క్రూ మీద వేళ్ళు ఆగిపోయాయి. కళ్ళు తెరిచాడు. అడ్డంగా ఉన్న నా చేతుల్ని చూశాడు. ఆ తర్వాత నా మొహం చూశాడు.

నేను రాత్రంతా దాచుకున్న మాట ఒకటుంది. 'డాక్టరు గారూ, మీ చెవిమేస్త్రికి ముందు మీరే వైద్యం చెయ్యాలి' అని. నాలుక చివరిదాకా వచ్చింది. బావ మొహంలో రక్తం లేదు. నన్ను బతిమాలడం లేదు, తిట్టడం లేదు, ఊరికే చూస్తున్నాడు. ఆ మాట నా గొంతులోనే పడిపోయింది.

"అద్భుతం!" అని చప్పట్లు కొట్టాడు డాక్టరు. "చూశారా, ఎడమదాంట్లో లోపం కూడా పట్టేశాడు!"

మిగతా నలుగురూ తలలూపారు. నా ఒళ్ళు మండిపోయింది. చెవుల డాక్టరు, మూడడుగుల దూరంలో నిలబడి, చేతులు అడ్డంగా పెట్టుకున్న మనిషిని చూస్తూ, అద్భుతమంటున్నాడు.

"అద్భుతం కాదు, నా బొంద. గొట్టం నలిగింది. సరిగ్గా పట్టుకోలేదు, తప్పు నాదే. మీరంతా వెళ్ళి టీ తాగి రండి, ఈలోపు అయిపోతుంది" అన్నాను.

వాళ్ళు వెళ్ళాక బావ ఇంజను ఆపాడు. స్టెతస్కోపు తీసి మేకుకి తగిలించాడు.

"ఎప్పుడు కనిపెట్టావు?" అన్నాడు.

"నిన్న సాయంత్రం. నీకెప్పుడు తెలుసు?"

"తగ్గిందని తెలుసు. ఇంతలా తగ్గిందనుకోలేదు. బండ్లదే తప్పనుకున్నాను." మేకు మీద గొట్టాలు సర్దుతూ, "అలా అనుకుంటే బాగుంటుందని అనుకున్నాను" అన్నాడు.

నేను సొరుగు లాగి పాత గొట్టం తీసి ఇచ్చాను. ఆయన దాన్ని ఎడమ చెవిలో పెట్టుకున్నాడు. ఒకదాని తర్వాత ఒకటి విన్నాడు. కుడి స్క్రూ దించుకుంటూ వచ్చాడు, ఒకటింబావు చుట్లు. రెండు పక్కలా ఒకే ఊపిరి వచ్చింది. ఆ జతని ఇంకెవరూ చెక్కాల్సిన పని లేకుండా పోయింది. ఆదివారం డాక్టరు గారు ఆ బండి మీద మూడోవాడిగా వచ్చి, తన స్వారీ నైపుణ్యం గురించి ముప్పావుగంట మాట్లాడాడట. నేను వెళ్ళలేదు.

బావ ఆ వారంలోనే ఏడు బండ్లనీ వెనక్కి పిలిపించాడు. ఒక్కొక్కరితో "తప్పు నాది, నాకు కుడి చెవి వినపడదు, మళ్ళీ సరిచేస్తాను" అని చెప్పి, జెట్లు మార్చి, ఒంటి గొట్టంతో కుదిర్చి పంపాడు. ఆరుగురికి తేడా ఏమీ తెలియలేదు. ఏడోవాడు ఇంతకుముందే బాగుండేదన్నాడు. డాక్టరుకి చెప్తే పడీపడీ నవ్వి, "మీకు వినపడకపోవడమేంటి మేస్త్రీ, మీ వినయం మీదే!" అన్నాడు. రెండేళ్ళుగా ఆయన బావకి కుడి పక్కన నిలబడి కబుర్లు చెప్తుంటే, వినపడక బావ తల ఊపేవాడు. ఆ తల ఊపడం గురించి క్లబ్బు పుస్తకంలో రెండు వాక్యాలు రాశారు, 'మితభాషి' అని.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. పరుగు జరిగిన ఆదివారం సాయంత్రం అక్క వాళ్ళింటికి వెళ్ళాను. బావ స్నానానికి వెళ్ళాడు. వంటింటి గడపలో నిలబడి, గొంతు తగ్గించి, పెద్ద రహస్యం విప్పుతున్నవాడిలా, "అక్కా, బావకి కుడి చెవి వినపడటం లేదే" అన్నాను.

అక్క ఉల్లిపాయలు కోస్తోంది. తల ఎత్తలేదు. "ఇప్పుడు తెలిసిందా నీకు?" అంది.

"నీకు తెలుసా?"

"మూడేళ్ళయింది నేను మంచం మీద అటు నుంచి ఇటు మారి. భోజనానికి ఎడమ పక్కే కూర్చుంటున్నాను. ఫోనొస్తే ఎడమ చేతికే ఇస్తున్నాను. నువ్వూ ఇదే బల్ల దగ్గర తింటున్నావు కదరా, కనపడలేదా?"

"నాకు చెప్పొచ్చుగా!"

"చెప్తే ఏం చేస్తావు? నవ్వుతావు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "అయినా అదేంటి, ఒక్క చెవే పోవడం? రెండోది బాగానే ఉందిగా" అన్నాను.

అప్పుడు అక్క కత్తిపీట పక్కకి జరిపి నావైపు చూసింది. "ముప్ఫై ఏళ్ళు ఆయనకి కుడి పక్కన ఏముందిరా?" అంది.

నా చెయ్యి జేబులో ఉన్న దూది ఉండ మీదికి పోయింది.

"నీ చెవులు బాగానే ఉన్నాయిలే. దూది పెట్టుకున్నావుగా" అని మళ్ళీ ఉల్లిపాయలు కోసుకుంది. భోజనానికి ఉండమంది. పనుందని చెప్పి వచ్చేశాను.

సోమవారం పొద్దున్నే షట్టరు తీశాను. పెద్ద స్పానరు పట్టుకుని లేత్ మిషను కాళ్ళకి నేలలో బిగించిన బోల్టులు విప్పడం మొదలుపెట్టాను. ముప్ఫై ఏళ్ళ తుప్పు, చచ్చినా కదలదు. స్పానరు పిడికి పైపు తొడిగి, కాలు మోపి, మూడు విప్పేసరికి బావ వచ్చాడు. స్టూలు దగ్గర నిలబడి చూశాడు.

"ఏంట్రా ఇది?"

నేను లేచి, ఆయన ఎడమ పక్కకి వెళ్ళి నిలబడి చెప్పాను. "మిషను ఇక్కణ్ణుంచి తీసేస్తున్నాను."

"తీసి?"

"అదిగో, కిటికీ కింద ఖాళీ ఉందిగా. అటు పెట్టుకుంటాను."

బావ కిటికీ వైపు చూశాడు. స్టూలు చూసుకున్నాడు. నన్ను చూశాడు.

"ఒకటి తీసుకున్నావు, సరే" అన్నాడు. "ఉన్న ఒక్కటీ కావాలా నీకు?"

నేను స్పానరు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను. ఆయనకి మొదట్నుంచీ తెలుసు. గోడ కొట్టించిన నాడు 'వెలుతురొస్తుంది' అన్నవాడు, ఆ తర్వాత ఒక్కసారి కూడా మిషను ఆపమనలేదు. నన్ను దూది పెట్టుకోవద్దని తిట్టాడు గానీ, మళ్ళీ గోడ కట్టమని అడగలేదు.

బావ వచ్చి నా పక్కన కూర్చుని, విప్పిన బోల్టు ఒకటి కన్నంలో పెట్టి చేత్తోనే బిగించాడు. రెండోది, మూడోది నేను బిగించాను. ఆయన లేచి స్టూలు ఎక్కి, నావైపు చెయ్యి చాపాడు.

"ఆ దూది ఇటివ్వు కొంచెం" అన్నాడు.

జేబులోంచి ఉండ తీసి, సగం తుంచి ఇచ్చాను. వేళ్ళతో నలిపి ఉండ చేసుకుని, ఎడమ చెవిలో జాగ్రత్తగా పెట్టుకున్నాడు. బల్ల మీదికి వంగి ఎవరిదో కార్బొరేటరు విప్పడం మొదలుపెట్టాడు.

"తప్పు నాది బావా" అన్నాను.

ఆయన పని చేసుకుంటూనే ఉన్నాడు. నా పెదాలు కదలడం కనపడిందేమో, తల తిప్పి "ఏంటి?" అన్నాడు.

ఏం లేదని చెయ్యి ఊపి, మిషను ఆన్ చేశాను.